తూకానికి పోయిన సీరియళ్లు

రెండువేల తొమ్మిది దీపావళికి పుట్టిల్లు కమలాపురం పోయిన అలివేలమ్మ, నాలుగు రోజులకు కల్లూరు కొత్తింటికి తిరిగొచ్చేసరికి పుస్తకాల అల్మారా ఖాళీగా ఉంది. మధ్య అరలో పలకంత యంత్రం ఒకటి నిక్కుతూ కూర్చుంది.

"పదైదునూర్ల పుస్తకాలు పడతాయంట దీంట్లో! బెంగళూరు నుంచి తెప్పించినా," అన్నాడు ఆమె మొగుడు కేశవయ్య. హార్డ్‌వేర్ షాపు ఆయనది. మేకులనైనా పుస్తకాలనైనా తూకంతోనే చూసే మనిషి. "నీ పాత కాగితాలు పుల్లయ్య పాతసామాన్ల అంగట్లో ఏసేసినా."

పాత కాగితాలట! ఇరవైరెండేళ్లుగా వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, వరుస తప్పకుండా దాచి, కథ ముగిశాక అట్టలేయించి కుట్టించుకున్న బైండ్లవి. మొత్తం నలభై ఒకటి. వాటిలో సగం కథలు పుస్తకాలుగా అచ్చే కాలేదు.

అయినా కోపం దిగమింగి యంత్రం చేతిలోకి తీసుకుంది. అబద్ధమెందుకు, బాగానే ఉంది. బరువు లేదు, కళ్లు మండలేదు, ఇంగ్లీషు అక్షరాలు కావలసినంత పెద్దవయ్యాయి. తెలుగు పుస్తకమంటూ అమ్మినవాళ్లు ఎక్కించిచ్చినదాన్ని తెరిస్తే మాత్రం పేజీ నిండా ఖాళీ డబ్బాలు.

"తెలుగు యాడుండాదండీ దీంట్లో?"

"రేపో మాపో వస్తాదిలే. అంతదాకా ఇంగ్లీషు నేర్చుకో."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. యంత్రాన్ని సంచిలో పడేసుకుని పుల్లయ్య అంగడికి షేర్ ఆటో ఎక్కింది.

అప్పటికే సగానికి పైగా బైండ్లు కాగితం మిల్లు లారీలో పోయాయి. "పద్దెనిమిదే మిగిలినాయమ్మా," అన్నాడు పుల్లయ్య. వాటిలోనూ కొన్నింటికి అట్టలు పీకేశారు. ఆమె నేల మీద కూలబడి, పళ్లు కొరుక్కుంటూ ఒక్కొక్కటే కొంగుతో తుడిచింది.

కేశవయ్య ఆమెను వెతుక్కుంటూ స్కూటరు మీద వచ్చేసరికి యంత్రం త్రాసులో ఉంది.

"పిచ్చి గాని పట్టిందా? ఇరవైవేలు పోసినా దానికి!"

ఆమె మొగుడి వైపు చూడలేదు. "తూకమెంతప్పా?"

"పావుకిలో పైమాటమ్మా," అన్నాడు పుల్లయ్య భయంభయంగా.

"అది నువ్వుంచుకో. ఈ పద్దెనిమిదీ నాకియ్యి." అప్పుడు తిరిగింది మొగుడి వైపు. "యంత్రం మంచిదేనండీ. నావి నాకుంచి అది తెచ్చింటే నెత్తిన పెట్టుకుందును. చదివేది నేను. పారేసే ముందు నన్నొక్క మాట అడగాలని శానా తెలిసిన మీకు తోచలేదా?"

కేశవయ్య వంగి బైండ్లు ఎత్తబోయాడు.

"ముట్టుకోవాకండి," అంది అలివేలమ్మ.

పద్దెనిమిదింటినీ రెండు విడతలుగా తనే ఆటోలోకి మోసుకుంది.