కెప్టెన్ దిగిపోయే గేటు

మా ఐస్ హాకీ జట్టు పాత కెప్టెన్, డిఫెండర్ రౌనో కెత్తులాకి మా ఊళ్లో విగ్రహం పెడతారట. పేపరు మిల్లు ఎదురుగా, మంచు తోసే బళ్లు ఆగేచోట. కర్ర పట్టుకుని గోల్‌కి అడ్డంగా నిలబడ్డట్టు చెక్కిస్తారట. విని నవ్వాగలేదు. ఆ మనిషి గోల్‌కి అడ్డంగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. నేను చూసినంత దగ్గరగా అతన్ని చూసినవాళ్లూ లేరు.

నేను ఆ జట్టులో రెండో గోల్‌కీపర్ని. మొదటివాడికి కాలో చెయ్యో విరిగితే తప్ప నాకు ఆట లేదు. వాడేమో దున్నపోతులా ఉండేవాడు, తుమ్ము కూడా వచ్చేది కాదు. అందుకని రెండో గోల్‌కీపర్లందరూ చేసే పనే నేనూ చేశాను. బెంచీ చివర, మంచు మీదికి తెరుచుకునే డిఫెండర్ల గేటు దగ్గర కూర్చుని, అలిసి వచ్చినవాడికి గేటు తీయడం, మళ్లీ వేయడం. మా ఆటలో మనుషులు మారడానికి ఆట ఆగదు. ఒకడు దిగుతుంటే ఇంకొకడు ఎక్కుతాడు, ఆట సాగుతూనే ఉంటుంది.

ఇక కెత్తులా విద్య సంగతి. మేం గోల్ వేస్తే ఆ క్షణాన మంచు మీద ఉన్న మావాళ్లందరికీ ఒక ప్లస్సు. మాకు గోల్ పడితే అందరికీ ఒక మైనస్సు. ఒప్పందాలు రాసేవాళ్లు మనిషి మొహం కంటే ముందు ఆ అంకె చూస్తారు. కెత్తులా ఆ అంకెనే నమ్ముకున్నాడు. ఎదుటివాళ్లు పక్, అదే మా రబ్బరు బిళ్ల, లాక్కుని దూసుకొస్తున్నారంటే అందరికంటే ముందు పసిగట్టేది అతనే. పసిగట్టి గోల్ వైపు పోయేవాడా? నా గేటు వైపు వచ్చేవాడు, ఆయాసం నటిస్తూ. మిగతావాళ్లు అడ్డగోడ మీంచి గెంతి వస్తారు. అయ్యగారికి మాత్రం గేటే కావాలి, మోకాళ్లు అపురూపం మరి. నేను గేటు తీస్తాను. అతని బదులు ఎక్కినవాడు రెండడుగులు వేసేసరికి గోల్ పడిపోతుంది. మైనస్సు ఆ ఎక్కినవాడి నెత్తిన. కెత్తులా మాత్రం సీసాతో గొంతులోకి నీళ్లు పిండుకుంటూ, ఈ కాలపు ఆటగాళ్లకి శ్రద్ధ లేదన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు.

కోచ్ కళ్లు పక్ వెంట, కెమెరా కూడా పక్ వెంట. గేటు వైపు చూసేవాడెవడు? సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు ఇన్నేళ్లూ అలాగే నడిచింది. జట్టు కెప్టెనయ్యాడు. పెరుగు డబ్బాల మీద అతని బొమ్మ వేశారు. డిఫెన్స్ అంటే కెత్తులా అని బడిలో పిల్లలకి చెప్పారు. థూ.

ఒక ఏడు అతని మైనస్సులు మోసినవాడు ఇల్పో. ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. పగలు కట్టెల మిల్లులో పని చేసి సాయంత్రాలు కింది లీగులో ఆడేవాడు. మావాళ్లు వాడిని క్రిస్మస్ దాకా చూద్దామని తీసుకున్నారు. అంకె బాగుంటే ఉంచుతారు, లేకపోతే మళ్లీ మిల్లే. వాడు నిజంగానే బాగా ఆడేవాడు. ఖర్మ కాలి కెత్తులా బదులు ఎక్కే వంతు వాడికి పడింది.

క్రిస్మస్ ముందు చివరి ఆట మా ఊళ్లోనే. దాని ముందటి ఆట బయటూళ్లో ఆడి వస్తుంటే ఇల్పో బస్సులో నా పక్కన కూర్చున్నాడు.

"ఇంకొక్క మైనస్సు పడిందంటే నా పనైపోయినట్టే," అన్నాడు. "నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి అన్నా."

"నేనేం చేస్తాన్రా, గేటు తీసేవాణ్ణి."

"అదేగా నేనంటున్నదీ."

మా ఊళ్లో ఆట చివరిదాకా చెరొక గోల్‌తో సమానంగా నడిచింది. అప్పుడు కెత్తులా చేతగానితనంతో పక్ పోగొట్టుకున్నాడు. ముగ్గురు దూసుకొస్తున్నారు. కెత్తులా ఎప్పటిలాగే నా వైపు తిరిగాడు. పక్కన ఇల్పో సగం లేచి నా మొహంలోకి చూశాడు. నేను కాలికున్న లావుపాటి ప్యాడ్‌ని గేటుకి అడ్డంగా ఆనించాను.

"తియ్యి," అన్నాడు కెత్తులా.

"బిగుసుకుంది."

"ఒరేయ్, గోల్ పడిపోతోంది, తియ్యరా."

"తెలుసు. అందుకే నువ్విక్కడున్నావు."

అతని వెనకాల గోల్ పడ్డట్టు ఎర్రదీపం వెలిగింది. ఆటకి వీపు పెట్టి, గేటు పట్టుకుని నిలబడ్డ మా వీరుణ్ణి ఊరు ఊరంతా చూసింది. ఆ మైనస్సు కెత్తులాకే పడింది. ఇల్పోకి పడలేదు. వాడు నా ప్యాడ్ మీద కర్రతో మెల్లగా తట్టాడు. ఓడిపోయాం. అయినా నాకంత సంతోషం ఆ బెంచీ మీద ఎన్నడూ కలగలేదు.

ఆట అయ్యాక ఎప్పటిలాగే అందరం సౌనాలో, అదే ఆవిరిస్నానం గదిలో, కూర్చున్నాం. మా జట్టు డైరెక్టర్ వల్తారి కూడా వచ్చి, సాసేజీలు కాలే రాళ్ల మీద పెట్టాడు. ఎవణ్ణి ఉంచాలో ఎవణ్ణి పంపాలో అక్కడే తేల్చేవాడు. సౌనాలో చర్చిలో ఉన్నట్టే ఉండాలని, అబద్ధం ఆడకూడదని మా అమ్మమ్మ చెప్పేది. బట్టల్లేనివాడు ఇంక దాచేదేముంటుంది అనుకునేవాణ్ణి.

వల్తారి రాళ్ల మీద నీళ్లు పోశాడు. "గేటుకేమైంది?"

"వీడు కాలడ్డం పెట్టాడు," అన్నాడు కెత్తులా పై మెట్టు మీంచి, మోకాళ్లు నిమురుకుంటూ. "వీడికి నేనంటే ఏడుపు. ఆడటం రానివాళ్లందరికీ అంతేలే."

"ముగ్గురు మీదకొస్తుంటే నీకు గేటు దగ్గరేం పని, కెప్టెన్?" అన్నాను.

వల్తారి ఇల్పో వైపు తిరిగాడు. "గేటు పక్కనే ఉన్నావుగా. నువ్వు చెప్పు."

ఒక్క ముక్క చాలు. కెత్తులా ఇన్నేళ్లుగా దిగిపోతూనే ఉన్నాడని వాడొక్కడు అంటే, ఆ మెట్ల మీద ఇంకో నలుగురు నోరు తెరిచేవాళ్లే. నేను హాయిగా గోడకి ఆనుకున్నాను.

ఇల్పో సాసేజీల వైపు చూస్తూ, "అడ్డం పెట్టాడు," అన్నాడు. "కావాలనే."

"మరి కెప్టెన్ ముందే దిగొచ్చేశాడా?"

"అది చూళ్లేదు. బూటు తాడు బిగించుకుంటున్నా."

కెత్తులా కిందికి వంగి ఒక సాసేజీ తీసి వాడికిచ్చాడు. "తిను, మాడిపోతుంది."

వాడు తిన్నాడు. వల్తారి అక్కడికక్కడే నన్ను జట్టులోంచి పొమ్మన్నాడు, వాణ్ణి ఉండమన్నాడు.

బయట ఇల్పో కారు అద్దం మీది మంచు గీకుతున్నాడు.

"ఏదో ఒకటి చెయ్యమన్నది నువ్వే కదరా."

"కాదన్నానా?" గీకుడు ఆపలేదు. "పిల్లలున్నారన్నా. అయినా నీకు పోయిందేముంది చెప్పు, నువ్వెలాగూ ఆడవుగా."

కెత్తులా పిరికిపంద అని నాకు ముందే తెలుసు, కాబట్టి అతను నన్ను మోసం చెయ్యలేదు. వీణ్ణి మనిషనుకున్నాను. ఏరు దాటగానే తెప్ప తగలేసేవాడు ఆ ఏటి ఒడ్డునే నాతో మాట్లాడుతున్నాడు, సిగ్గు కూడా లేకుండా. చెంప పగలగొడదామనుకున్నాను. కానీ వాడన్నది నిజం, నాకు పోయిందేమీ లేదు. అదే ఎక్కువ మండింది.

వాడి కారు మంచులో దిగబడింది. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. వాడు అద్దం దించి, "అన్నా, ఒక్క చెయ్యి వెయ్యవా," అన్నాడు.

మా ఊళ్లో మంచులో ఇరుక్కున్న బండిని వదిలేసి పోయే అలవాటు ఎవరికీ లేదు. వెనక్కి వెళ్లి, భుజం ఆనించి నెట్టాను.