రాయికి అవతలి పొద

పొదలో పిట్టగూడు ఏదైనా ఉందేమోనని వంగి మరోసారి చూసుకుని, ఆంబ్రోస్ పిడ్జ్‌లీ మచ్చుకత్తి ఎత్తాడు. బ్లాక్‌బెర్రీ ముళ్ల తీగలు బొటనవేలంత లావున ఊరి బాట మీదికి వాలి ఉన్నాయి. మార్ల్‌కోట్ పారిష్ కౌన్సిల్‌లో, అంటే ఊరి పంచాయతీలో, గడ్డి కోస్తూ, కాలువలు తీస్తూ గడిపిన ఇరవై రెండేళ్ల కొలువుకు ఇవాళే ఆఖరి రోజు. పొట్టి మనిషి. గాలికి ఎర్రబడిన మెడ, చెవుల్లో తెల్లటి వెంట్రుకలు, వంగితే టక్కుమనే ఎడమ మోకాలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకునే రకం కాబట్టి ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు.

బాట మధ్యలో సరిహద్దు రాయి ఉంది. ఇవతల ఊరు, అవతల పట్నం చివరి క్వారీ రోడ్డు కాలనీ. ఇవతలి బాటను అతను ఏటా దువ్వినట్టు ఉంచేవాడు. అవతల పదిగజాలు ఎవరికీ పట్టక మూసుకుపోయింది. కాలనీవాళ్లు ఊళ్లోని డాక్టరు దగ్గరకు రావాలంటే లారీలు తిరిగే రోడ్డు పక్కన మైలున్నర నడవాలి.

ఏడేళ్ల కిందట ఒకావిడ, తల్లిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఆ రోడ్డు చుట్టి వచ్చి అడిగింది, ఆ కాస్తా కూడా కొట్టిపెట్టరాదా అని. "అది మా పారిష్ కాదమ్మా" అన్నాడు. చెప్పింది నిజమే. అయినా ఆ మాట తలుచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఊరి కౌన్సిలూ పట్నం కౌన్సిలూ రెండేళ్లు వాదులాడుకున్నాక, రేపు ఏప్రిల్ ఒకటి నుంచి కాలనీ కూడా మార్ల్‌కోట్‌లో కలుస్తోంది. వెళ్లేలోగా ఆ పదిగజాలు తన చేత్తో తెరవాలని అతని కోరిక. పొద్దున్నే కౌన్సిల్ గుమాస్తా హిల్డా క్రాస్‌లాండ్‌ను అడిగాడు.

"రేపైతే అదీ మనదే, ఆంబ్రోస్ గారూ. ఇవాళ మాత్రం రాయి దాటకండి. ఇన్సూరెన్సు రేపటి నుంచే."

"రేపు నేనుండనమ్మా."

"అదే కదా నా బాధ కూడా" అంది హిల్డా.

పన్నెండింటికి రాయిదాకా శుభ్రం చేసి మచ్చుకత్తి తుడుచుకున్నాడు. మూడింటికి బస్సు, సముద్రం పక్కన చెల్లెలి ఇంట్లో గది సిద్ధంగా ఉంది. అప్పుడు పొద అవతల కత్తెర చప్పుడు వినిపించింది. తీగలు కదిలాయి. సందులోంచి ఏడేళ్ల కిందటి ఆవిడే కనిపించింది. ఒట్టి చేతులు, వాటినిండా గీతలు.

"మీరా పెద్దాయనా? రేపటి నుంచి మీవాళ్లమట కదా, చేతులు ముడుచుకుని కూచుంటే ఏం బాగుంటుందని."

ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు నేనన్న మాట..."

"పారిష్ కాదన్నదా?" ఆవిడ నవ్వేసింది. "మా అమ్మ పోయేదాకా అదే పాట. గంజి తాగమంటే, అది మా పారిష్ కాదమ్మా అనేది. మాత్ర వేసుకోమన్నా అదే. మీ పుణ్యమా అని ఇల్లంతా నవ్వేవాళ్లం."

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ముసలమ్మ ఈ బాటన ఒక్కసారైనా రాలేదు కదా అనుకున్నాడు. చేతితొడుగులు తీసి ఆవిడకిచ్చాడు. తర్వాత, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, రాయి దాటి కాలు పెట్టాడు.

రెండు గంటలు నరికారు. ఆవిడ కోసింది అతను లాగాడు, అతను నరికింది ఆవిడ పక్కకు మోసింది. చివరి తీగ తెగేసరికి అటు కాలనీ పెరళ్లలో ఆరేసిన బట్టలు, ఇటు డాక్టరు గారి నీలం తలుపు ఒకే చూపులో కనిపించాయి. ఆవిడ టీ తెస్తానని ఇంటికి పరుగెత్తింది. బస్సు వేళ మించిపోతుంటే అతను మచ్చుకత్తి కొట్టంలో పెట్టి, తాళం హిల్డా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆ పదిగజాలు కొలవడానికి టేపుతో వచ్చిన హిల్డాకు బాట తెరిచి కనిపించింది. ఎవరో పిల్లల బండి తోసుకుంటూ అప్పుడే డాక్టరు దగ్గరకు పోతున్నారు. హిల్డా ఎవరినీ ఏమీ అడగలేదు. రాయికి అవతల, కొత్తగా నరికిన మొద్దు మీద, తోలు చేతితొడుగులు ఒకదాని మీద ఒకటి సర్దిపెట్టి ఉన్నాయి. పక్కనే చల్లారిన టీ కప్పు.