ఇస్హాక్ జనాజాకు అడ్డం

బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగొచ్చి, అన్నం తిని పడుకున్న ఇస్హాక్ తెల్లారి లేవలేదు. 1991 ఎండాకాలం. గోదావరిఖని కార్మికుల క్వార్టర్ల ముందు శవానికి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టారు. జనాజా నమాజు చదివి ఖబ్రస్తాన్‌కు తీసుకుపోవడమే మిగిలింది.

అలీముద్దీన్ అడ్డం నిలబడ్డాడు. ఆరు నెలల కిందట వచ్చిన మతబోధకుడు.

"ఈయన బాయి కాడ మైసమ్మకు కొబ్బరికాయ కొట్టిండు. ఇస్లాంల లేడు. నమాజు లేదు, ఖబ్రస్తాన్‌ల జాగా లేదు. ఈయనకు నమాజు చదివినోళ్లు నరకానికే పోతరు."

రోజూ భూమి కడుపులోకి దిగే వంద మంది మగవాళ్లు నరకం పేరు వినగానే తల దించుకున్నారు. సిగ్గుచేటు!

ఇస్హాక్ భార్య హాజిరా పదేళ్లుగా వాడకట్టు పిల్లలకు ఖురాన్ నేర్పుతోంది. ఇంట్లో దక్నీ ఉర్దూ మాట్లాడే మనిషి, అందరికీ తెలియాలని తెలుగులోనే అడిగింది. పరదా వెనకే నిలబడి, ఖురాన్ తెరిచింది.

"నిసా సూరా, తొంభై నాలుగో వాక్యం. ఇను, మౌల్వీసాబ్. 'మీకు సలాం చేసినోన్ని నువ్వు విశ్వాసివి కావు అనకుండ్రి.' మొన్న జుమ్మాకు మా ఆయన నీకు సలాం చెయ్యలేదా?"

"చేసిండు. కని అది యుద్ధం గురించిన మాట, బహెన్."

"యుద్ధంల ఎదురొచ్చినోన్నే అనద్దంటే, నీ పక్కపొంటి నమాజు చదివినోన్ని ఎట్లంటవ్? అదే వాక్యంల 'విచారించుండ్రి' అని రెండుసార్లున్నది. నువ్వు ఎవల్ని విచారించినవ్?"



ఇస్హాక్‌తో జోడీగా పనిచేసిన రాజం ముందుకొచ్చాడు. "కాయ కొట్టింది నేను. నా టోపీ పట్టుకొమ్మంటే పట్టుకున్నడు. ముక్క పెడితే తిన్నడు. గంతే వదినె!"

"కొబ్బరి తింటే కాఫిరైతరా?" అంది పక్కింటి మక్సూదా. "అయితే మా అత్త చట్నీకి మా ఇల్లంత కాఫిర్లే!"

గుంపు గొల్లున నవ్వింది. శవం ముందు నవ్వు తప్పే. కానీ ఆ నవ్వుతోనే భయం చచ్చింది.

ముసలి కుతుబుద్దీన్ ముందుకు నడిచి, నమాజు చదివించడానికి నిలబడ్డాడు. "సఫ్ కట్టుండ్రి!"

ఒక వరుస, రెండు, ఐదు. క్వార్టర్ల సందు చాలక రోడ్డు మీదికి పాకాయి. అలీముద్దీన్ కూడా చెప్పులు విప్పి వెనక వరుసలో కలిశాడు.

నమాజు అయ్యాక జనాజా పాడె లేచింది. ముందు కర్ర రాజం భుజం మీద ఉంది. పొద్దుగూకక ముందే ఇస్హాక్‌ను ఖబ్రస్తాన్‌లో, తండ్రి పక్కనే, మట్టిలో పెట్టారు.