కిటికీలు ఊడదీసిన రోజు

నవంబరు మధ్యాహ్నం, బయట మంచు కురుస్తుండగా, కాంట్రాక్టరు మనుషులు జెంటా పిన్ని ఇంటి కిటికీలు చట్రాలతో సహా ఊడదీశారు. ఆమె లోపలే ఉంది. అల్లికల మిల్లులో నిలబడి నిలబడి మోకాళ్లు పోగొట్టుకున్న ముసలి మనిషి.

లాత్వియాలో దౌగవ నది ఒడ్డున, సోవియట్ కాలంలో కట్టిన అయిదంతస్తుల భవనం మాది. అన్నీ పురపాలక అద్దె ఇళ్లే. గోడల కాంక్రీటు పలకల సందుల్లోంచి గాలి కొడుతుంది, మూలల్లో బూజు పాకుతుంది. బాగుచెయ్యమని ఆఫీసుల చుట్టూ తిరిగింది మేమే. తీరా మంజూరయ్యాక విల్నిస్ అనే కాంట్రాక్టరు వచ్చి, పని అయ్యేదాకా ఖాళీ చెయ్యండన్నాడు. పక్క భవనం వాళ్లు అలాగే నమ్మి వెళ్లారు. గోడలకు పసుపు రంగు పడింది, ముందు పూలతోట వచ్చింది, అద్దె వాళ్లకు అందనంత పెరిగింది. ఒక్క కుటుంబమూ తిరిగి రాలేదు.

మేమంతా గొణుక్కుంటుంటే జెంటా పిన్ని ఒక్కతే, నేను లోపల ఉండగానే బాగుచెయ్యండని ఎదురు చెప్పింది. దానికే ఈ శిక్ష.

వేడినీళ్ల గొట్టం కింది నుంచి పైదాకా అన్ని ఇళ్లలోంచీ పోతుంది. ఎవరింట్లో గోల ఎక్కువైనా దాని మీద గరిటెతో కొట్టడం మా అలవాటు. ఆ మధ్యాహ్నం ఆమె కొట్టింది. అందరూ టీవీలు తగ్గించారు. ఇంకా గట్టిగా కొట్టింది. పిల్లల్ని కసిరి కూర్చోబెట్టారు. ఆమె సాయానికి పిలుస్తుంటే భవనమంతా మర్యాదగా నోరు మూసుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగివచ్చిన బస్సు డ్రైవరు గెన్నాడీ ఆమెను వంటగది మూలలో, కంబళ్ల కింద చూశాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మూడో అంతస్తులోని తన ఇంటికి మోసుకొచ్చాడు.

మెట్ల మీదే మీటింగు పెట్టుకున్నాం. ఖాళీ చేసి పోదామన్నారు కొందరు. మా భవనంలో రష్యన్లూ ఉన్నారు, లాత్వియన్లూ ఉన్నారు. రష్యన్ల నోటి దురుసే ఇంతదాకా తెచ్చిందని ఒకరు, లాత్వియన్లు దేనికైనా తలూపుతారని ఇంకొకరు. కొట్టుకునేదాకా వచ్చింది. జెంటా పిన్ని దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేను ఏ భాషలో వణికానో ఎవరైనా చెప్పండి," అంది.



"మిల్లులో నేనొక్కదాన్నే మిషను ఆపితే జీతం కోశారు. షెడ్డు మొత్తం ఆపినరోజు మేనేజరు మాకు కుర్చీలు వేయించాడు."

గెన్నాడీ నెమ్మదిగా అన్నాడు. "వాడి చేతిలో ఉన్నది చలి ఒక్కటే పిన్నీ. దాన్ని మనమే లోపలికి రానిస్తే ఇంక దేంతో బెదిరిస్తాడు?"

తెల్లారి విల్నిస్ పోలీసులతో వచ్చేసరికి అయిదంతస్తుల్లోనూ కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఉన్ని చేతితొడుగులు వేసుకుని కిటికీకి ఇద్దరం చొప్పున నిలబడ్డాం. గదుల వెచ్చదనం ఆవిరై వీధిలోకి పోతోంది.

"పిచ్చెక్కిందా మీకు? చచ్చిపోతారు," అని అరిచాడు విల్నిస్.

"నిన్న గుర్తు రాలేదేం బాబూ ఈ మాట?" అన్నాను నేను.

అతని కూలీల్లో ఒకడు పనిముట్ల పెట్టె మీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు. విల్నిస్ తిట్టాడు. వాడు లేవలేదు. మిగతావాళ్లూ వాడి పక్కనే చేరారు.

పోలీసులు పైకి వచ్చి, పనికి అడ్డుపడిందని జెంటా పిన్నిని పట్టుకెళ్లారు. వ్యాను ఎక్కుతూ ఆమె, "హీటరు వేస్తారా నాయనా? మా ఇంట్లో కిటికీల్లేవు," అంది.

రోడ్డుకు అవతల ఇంకో పాత భవనం ఉంది. విల్నిస్ తర్వాత చేపట్టబోయేది దాన్నే. వ్యాను తలుపు పడిన చప్పుడుకు, అక్కడ రెండో అంతస్తులో ఒకామె కిటికీ తెరిచింది. ఆమె పక్కింటివాళ్లు తెరిచారు. తర్వాత పై అంతస్తుల వాళ్లు.