వస్తాం మరి

రేవులో ఒక పడవ తిరిగి రాకపోతే దాని గురించి టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈసారీ అంతే. ఉల్లిపాయల బస్తాలు వేసుకుని బయల్దేరిన పడవ ఆరుగురు మనుషులతో సహా అజాపజా లేకుండా పోయింది. అలా పోయి నాలుగు రోజులు తిరక్కుండానే రేవులో ప్రతివాడూ ఒక శాస్త్రజ్ఞుడైపోయాడు. నీళ్ళ అడుగు నుంచి గ్యాసు బుడగలు లేచి మింగేశాయని ఒకడు, సముద్రంలో అయస్కాంతపు కొండ ఉందని ఇంకొకడు. ఆ కొండని చూసినవాడు ఎవడయ్యా అంటే మాత్రం మాట మార్చేవాడు.

అసలు సంగతి లేకపోలేదు. తీరం ఒకచోట ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని రేవువాళ్ళు మలుపు అంటారు. ఆ మలుపు దగ్గర ఇదివరకు ఒక సరుకుల ఓడ మాయమైంది. తర్వాత ఉత్తరాలు మోసే చిన్న విమానం ఒకటి మాయమైంది. ఓడలోవాళ్ళవి గానీ విమానం నడిపినవాడిది గానీ చెప్పు ముక్క కూడా దొరకలేదు. పత్రికలవాళ్ళు దానికి 'మింగుడు మూల' అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. పేరు పెట్టడానికేం, నోరుంటే చాలు. పోయినవాళ్ళ ఇళ్ళల్లో కంచం ముందు కూర్చుని ముద్ద మింగలేనివాళ్ళనడగాలి, మింగడమంటే ఏమిటో.

ఈ పడవ నడిపే సరంగు అక్కకు తమ్ముడు. అక్క అంటే రేవు మొత్తానికీ అక్కే. ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆవిడ నోటికి జడిసి. గోదాముల వెనక రేకుల షెడ్డులో పడవ సరుకు మీద కప్పే టార్పాలిన్లు కుడుతుంది. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, మైనం పట్టించిన దారం ఎక్కించి, బెత్తెడు సూదిని రెండు మడతల గుడ్డలోంచి ఒక్క తోపుతో అవతలికి నెడుతుంది. తల్లి పోయినప్పుడు తమ్ముడు పాలు మరవని పిల్లవాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది, ఆ షెడ్డులోనే గుడ్డల కుప్ప మీద నిద్రపుచ్చింది. వాడి కడుపులో ఏముందో వాడి కంటే ముందు తనకే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. నమ్మకమేమిటి, గర్వం.

పడవ చివరి మాట రేవు ఆఫీసులో రేడియో బాబాయి విన్నాడు. మలుపు దగ్గరికి చేరేసరికి ఇంజను వేడెక్కిపోతోందని తమ్ముడు చెప్పాడు. వెనక్కి వస్తున్నారా, ముందుకు పోతున్నారా అని బాబాయి అడిగాడు. వస్తాం అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత రేడియో మూగబోయింది.

వస్తామన్నాడంటే వెనక్కి తిరిగినట్టే కదా. అందుకని మలుపుకీ రేవుకీ మధ్య నీళ్ళన్నీ జల్లెడ పట్టారు. విమానం ఒకటి, పడవలు రెండు. ఒక చెక్కముక్క దొరకలేదు, ఒక నూనె మరక కనపడలేదు. ఇంట్లో అక్క మరదలు, అంటే తమ్ముడి భార్య, ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. ఎవరొచ్చి పలకరించినా "వస్తానన్నారు" అనేది. ఏడవలేదు. ఏడిస్తే ఆ మాట అబద్ధమైపోతుందన్నట్టు కళ్ళు పొడిగా పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఆ పిల్లను అలా చూడలేక అక్క మొహం తిప్పుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. రేపొక్కరోజు వెతికి ఆపేస్తారట. అక్క సూది గుడ్డలోనే వదిలేసి లేచింది. మరదల్ని వెంటబెట్టుకుని రేవు ఆఫీసు ఇనప మెట్లు ఎక్కింది.

రేడియో గది ఇరుకు. కిటికీ అద్దం నిండా ఉప్పు పేరుకుని బయట ఎండ మసకగా కనపడుతోంది. బల్ల మీద పరిచిన పెద్ద పటంలో వెతికిన చోటల్లా పెన్సిలుతో గళ్ళు కొట్టారు. రేవు పెద్దసారు ఆ పటం మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాడు. చొక్కా చూస్తే దాంతోనే పడుకుని లేచినట్టుంది. రేడియో బాబాయి కుర్చీలో ముడుచుకుపోయి ఉన్నాడు.

"ఇంకో నాలుగు రోజులు వెతికించండి సార్, మీకు దణ్ణం పెడతా," అంది అక్క. దణ్ణం పెట్టడం ఆవిడకు అలవాటు లేని పని. చేతులు సరిగ్గా కలవలేదు.

"నా చేతిలో ఉంటే వెతికించనా అమ్మా? విమానం రేపటివరకే ఇచ్చారు. ఒక్కరోజు. వెతికిన చోటే మళ్ళీ వెతకడం తప్ప దారి లేదు."

అక్క బాబాయి వైపు తిరిగింది. "వాడి గొంతు ఉందటగా నీ దగ్గర. ఒక్కసారి వినిపించు బాబాయ్."

ఎందుకు అడిగిందంటే, వినాలనిపించి అడిగింది. అంతకు మించి ఆవిడ మనసులో ఏ ఆలోచనా లేదు. బాబాయి మీట నొక్కాడు. ముందు గాలి హోరు, తర్వాత బాబాయి గొంతు: "వెనక్కి వస్తున్నారా, ముందుకు పోతున్నారా? సరిగ్గా చెప్పు." మళ్ళీ హోరు. అందులో ఏవో నాలుగు మాటలు కొట్టుకుపోయాయి. చివర తమ్ముడి గొంతు పైకి తేలింది.

"...సరే బాబాయ్, వస్తాం మరి."

అంతే. టక్కుమని ఆగిపోయింది. మరదలు కళ్ళు మూసుకుంది. అక్క మాత్రం చెవి రేడియో దగ్గరికి వంచింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. ఇంకోసారి అంది. ఇంకోసారీ పెట్టాడు.

"ఓరి దేవుడా," అంది అక్క. "ఇది రావడం కాదు బాబాయ్. పోవడం!"

"అదేమిటమ్మా?" అన్నాడు పెద్దసారు.

"మనిళ్ళల్లో గడప దాటేవాడు పోతున్నానంటాడా సార్ ఎక్కడైనా? అంటే చెంప పగలగొట్టమూ? వస్తానంటాడు. వస్తానంటూనే కదా పోతాడు! 'సరే, వస్తాం మరి' అంటే ఇక సెలవు అని. వాడు మీకు జవాబు చెప్పలేదు, వెళ్ళొస్తానని చెప్పాడు. పడవ ముందుకే పోయింది."

బాబాయి మొహం పాలిపోయింది. "వస్తారా అని అడిగి వస్తాం అని వింటే ఇంకేమనుకోను?" అన్నాడు మెల్లగా. "నిజమే సార్. రోజూ ఈ మెట్లు దిగుతూ మీతో నేననేదీ అదే మాట."

పెద్దసారు పటం మీద వేలు పెట్టాడు. మలుపుకి ఇవతల ప్రవాహం దేన్నైనా ఒడ్డుకే తోస్తుంది. మలుపు దాటితే మాత్రం నడిసముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. ముందుకు వెళ్ళి ఇంజను ఆగి ఉంటే పడవ ఇప్పుడు ఎక్కడో అవతల ఉండాలి. అటువైపు పటం తెల్లగా ఉంది, ఒక్క గీత లేదు. ఇటు వెతికితే అటు లేదు, అటు వెతికితే ఇటు లేదు. ఒక్కటే రోజు.

అప్పుడు మరదలు నోరు విప్పింది. "వదినా, అలా అనకండి. ఆయన వెనక్కే తిప్పారు. ఇంజను కొంచెం తేడా చేసినా వెనక్కి తిప్పుతానని నాకు మాటిచ్చారు. నా మీద ఒట్టేసి చెప్పారు."

"మాట ఎవరైనా ఇస్తారమ్మాయ్."

"ఆయన ఇస్తే తప్పరు."

"నీకు వాడు తెలిసి ఎన్నాళ్ళు?" అక్క గొంతు లేచింది. "నేను పెంచానే వాణ్ణి! మొండి ముండావాడు. చుక్కాని విరిగితే తాడు కట్టుకుని సరుకు దింపొచ్చిన రకం. ఒప్పుకున్న సరుకు దింపకుండా, ఇల్లు తలుచుకుని పడవ తిప్పే మనిషి కాదు వాడు. నీకు ఒట్టేశాడేమో గానీ వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది?"

అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది. కానీ వెనక్కి తీసుకునే సమయం కాదది, తీసుకుంటే పెద్దసారు వేలు మళ్ళీ ఇటువైపుకి జరుగుతుంది. మరదలు మొహంలో రక్తం లేదు. కొంగు భుజం మీదికి లాక్కుని మెట్లు దిగిపోయింది.

పెద్దసారు పెన్సిలు తీసి పటంలో తెల్లగా ఉన్న వైపు ఒక గీత గీశాడు. "వెతికిన చోటే వెతికితే వచ్చేదేముంది. అటే పంపిస్తాను," అన్నాడు.

ఇలాంటి మాటలు గదిలో ఉంటాయా? సాయంత్రానికల్లా రేవంతా పాకాయి. సరంగు పెళ్ళాం మీద వేసిన ఒట్టు గట్టున పెట్టి సరుకు కోసం ముందుకు పోయాడట అని ఒకటే గుసగుస. పడవలో ఉన్న వంటవాడి తల్లి మరదలి గుమ్మం ముందుకే వచ్చి, "నీ మాటకి విలువిచ్చే మొగుడైతే నా కొడుకు ఇంట్లో ఉండేవాడు," అని మొహానే అనిపోయింది. మరదలు ఆ రాత్రి అక్కకి అన్నం వడ్డించింది. తను తినలేదు. అక్క కూడా కంచంలో వేళ్ళు కడిగేసుకుంది.

మర్నాడు విమానం మలుపు దాటి లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం దాటాక బాబాయి రేడియో గది కిటికీ బార్లా తెరిచి, మైకు కూడా అక్కర్లేని గొంతుతో అరిచాడు. పడవ కనపడింది. ఆరుగురూ చేతులూపుతున్నారు. ఆరుగురూ!

రేవులో ఆ కేకలు, ఆ ఏడుపులు ఏం చెప్పమంటారు. నిన్న తిట్టిపోసిన వంటవాడి తల్లి అక్క కాళ్ళ మీద పడబోయింది. అయస్కాంతపు కొండవాడు తాను ముందే అటు వెతకమన్నానని అందరికీ చెప్పుకున్నాడు. పత్రికలవాడు 'మింగుడు మూల కక్కేసింది' అని రాసుకుని తనలో తనే మురిసిపోయాడు. ఎవరి నోట విన్నా ఒకటే: తమ్ముణ్ణి ఎరగడమంటే అలా ఎరగాలి, అక్కంటే అదీ. అక్కకి ఆ మాటలు చేదుగా ఏమీ లేవు. మనిషే కదా.

రాత్రికి పడవలు వెళ్ళి ఆరుగురినీ ఒడ్డుకు తెచ్చాయి. ఆస్పత్రి వరండాలో అందరూ గుంపుగా నిలబడ్డారు. ముందు ఒక్కరే లోపలికి వెళ్ళాలంది నర్సు. రేవు రేవంతా అక్కనే ముందుకు తోసింది. మరదలు దూరంగా బల్ల మీద, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చునే ఉంది.

తమ్ముడి పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టాయి. ఎండకి మొహం తోలు లేచిపోయింది. పచ్చి ఉల్లిపాయలు తిని, వాన పట్టుకుని తాగి బతికారట. మంచం దగ్గరికి వెళ్తే ఇంకా ఉల్లి వాసనే. కళ్ళు తెరిచి అక్కని చూశాడు. ఆవిడ వెనక ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూశాడు.

"తనేదీ?" అన్నాడు.

"ఉందిలే బయట. నీళ్ళు తాగు," అంది అక్క. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా తిట్లకి లంకించుకుంది. "బుద్ధుందట్రా నీకు? ఇంజను కాలిపోతుంటే ముందుకెలా పోయావురా? కట్టుకున్నదాని మీద ఒట్టేసి కూడా!"

"ముందుకా? ఎవరు చెప్పారు?"

"నువ్వేగా! వస్తాం మరి అని సెలవు తీసుకోలేదూ?"

తమ్ముడు అయోమయంగా చూశాడు. "సెలవేమిటే? వెనక్కి తిప్పుతున్నాం, వస్తాం అని చెప్పా. బాబాయి అడిగాడు కదా. వస్తుంటే వస్తామనక ఏమంటారు?"

"మరి ఆ 'మరి' ఏమిట్రా?"

"ఏమో, నోటికొచ్చింది."

తిప్పాడట. పడవ పూర్తిగా తిరక్కముందే ఇంజను ఆగిపోయిందట. లంగరు దించితే తాడు తెగింది. ప్రవాహం పట్టుకుని మలుపు దాటించి లోపలికి ఈడ్చుకుపోయింది. ఇంకొంచెం ఇవతలికి వచ్చి ఆగి ఉంటే ఒడ్డుకే కొట్టుకొచ్చేవాళ్ళమన్నాడు. చెప్పీ చెప్పీ అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

అక్క మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది. తను ఎరిగిన తమ్ముడు ఆ పడవలో లేడు. ఆ పిల్ల ఎరిగినవాడే ఉన్నాడు. నిన్న ఆ గదిలో నిజం చెప్పిన మనిషి మాటే విని ఉంటే విమానం ఇటే తిరిగి, సాయంత్రానికి ఇంజను ఆపుకుని పడుకునేది. తమ్ముడు అక్కడే ఉల్లిపాయల మధ్య ఎండిపోయేవాడు. తను వాణ్ణి తప్పుగా అనుకోబట్టి వాడు బతికాడు. దీనికి నవ్వాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు.

ఈ సంగతి ఈ గదిలోనే ఉంచేయొచ్చు. వాడికి ఎప్పుడో మెల్లగా సర్దిచెప్పొచ్చు. బయట అంతమంది తనను మోసుకు తిరుగుతున్నారు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. మొహం కడుక్కునేంతసేపు ఉంది కూడా.

అక్క తలుపు తోసుకుని వరండాలోకి వచ్చింది. అందరూ మూగారు. పత్రికలవాడు పెన్ను తీశాడు. ఆవిడ వాళ్ళనెవరినీ చూడకుండా తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, రేవులో పిలిచినంత గొంతుతో అంది.

"వాడు వెనక్కే తిప్పాడమ్మాయ్. నువ్వన్నదే నిజం. నీకిచ్చిన మాట తప్పలేదు. ఇంజను ఆగిపోతే నీళ్ళు లాక్కుపోయాయి, అంతే. వాణ్ణి పెంచానన్న మాటే గానీ నాకు వాడు తెలియడు."

వంటవాడి తల్లి తల దించుకుంది. "అయితే మీరు పొరబడ్డారా అమ్మా?" అన్నాడు పత్రికలవాడు.

"పొరబడ్డా. రాసుకో."

మరదలు లేవబోయి లేవలేకపోయింది. ఇన్నాళ్ళూ పొడిగా పెట్టుకున్న కళ్ళు ఒక్కసారిగా పొంగాయి. సంచీలో మొహం దాచుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"లేమ్మా, లోపలికెళ్ళు," అంది చివరికి. "నన్ను చూడగానే వాడు అడిగింది నిన్నే."