ఫారం కాని పన్నెండు పేజీలు

"మళ్ళీ ఏమైందే, మొహం అలా వేలాడేశావు?" అంది బైండరమ్మ.

"పన్నెండుని పదహారుతో భాగిస్తే ఎంత మిగులుతుందంటే క్లాసంతా సున్నా అన్నారమ్మా. ఇవాళ కూడా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే రేపట్నుంచి రావద్దన్నారు సెంటరు సారు."

కంప్యూటర్ సెంటర్లో టీచరు ఉద్యోగం మరి, దానికోసం కూతురు రెండేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. ప్రోగ్రాముల్లో శాతం గుర్తు పెడితే శాతం కాదట, భాగహారంలో మిగిలింది చెబుతుందట. ఆ గుర్తు గొడవ బైండరమ్మకి తెలీదు గానీ, మిగిలింది అనగానే ఉలిక్కిపడింది. ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని అదే! పదహారు పేజీలైతే ఒక ఫారం, మడిచి కుట్టెయ్యడమే. ఫారానికి చాలనివి చివర్లో విడిగా అతికించాలి.

"సున్నా ఏంటే వాళ్ళ మొహం! నా కొంప ముంచింది ఆ పన్నెండేగా!" అని, ఎన్నడూ నోరు విప్పి చెప్పని సంగతి కూతురి చెవిన వేసింది.

కూతురు గబుక్కున లేచింది. "పద, ఇది నువ్వే చెప్పాలి."

"గోళ్ళ నిండా జిగురు పెట్టుకుని నేనేంటే, క్లాసుకి!"

వింటేగా! గంటలో ఇరవై మంది ముందు నిలబెట్టింది. "మా అమ్మ. ప్రెస్సులో బైండరు," అంది గట్టిగా, ఏ మాత్రం తడబడకుండా. గుమ్మంలో చేతులు కట్టుకుని సెంటరు యజమాని. బైండరమ్మ గోళ్ళ జిగురు కొంగుకి తుడుచుకుని మొదలెట్టింది.

"నూట నలభై పేజీల డిటెక్టివ్ నవల బాబూ. ఎనిమిది ఫారాలు కుట్టాను. మిగిలిన పన్నెండు పేజీలూ ఫారం కాలేదు కదా, లెక్కలోవి కాదనుకుని చిత్తు కాగితాల్లో పారేశాను. మూడొందల పుస్తకాలు! కొన్నవాళ్ళంతా హంతకుడెవరో చెప్పమని ప్రెస్సు మీదికొచ్చారు."

క్లాసు ఘొల్లుమంది. కూతురు పన్నెండు కాగితాలు పైకెత్తింది. "ఇవి పేజీలనుకోండి. ఇప్పుడు మా అమ్మకి ఈ పన్నెండే ఇచ్చారు. ఫారాలెన్ని?"

"సున్నా!"

"మరి మిగిలినవి?"

క్లాసంతా ఆ కాగితాల వంక చూసింది. వెనక బెంచీ అమ్మాయి ఒక్కసారిగా లేచింది. "పన్నెండు టీచర్! పన్నెండూ ఉన్నాయి! హంతకుడు వాటిల్లోనేగా ఉన్నాడు!"

ఇక చూడాలి, అందరూ ఒకేసారి "ఓహో" అనడం! యజమాని కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్యండి టీచరుగారూ," అన్నాడు.

కూతురు బోర్డు మీద పెద్దగా రాసింది: 12 % 16 = 12. ఇన్నేళ్ళుగా తలుచుకుంటే చాలు తల దించుకునేలా చేసిన అంకె, అదిగో, సరైన జవాబై కూర్చుంది. బైండరమ్మ నిండిన కళ్ళు తుడుచుకోలేదు, అందరూ చూస్తే చూడనీ అనుకుంది.

ప్రెస్సుకి గంట ఆలస్యంగా వెళ్ళింది. మేనేజరు గడియారం వంక చూశాడు.

"మా అమ్మాయి టీచరయిందండీ," అంది, ఈసారి తల ఎత్తుకుని.