మా ఆయన చెయ్యి వణకలేదు

గోడకి బిగించిన పలక మీద ఏముందో కోడలు చదివి వినిపించేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"మళ్ళీ చదువు."

"వద్దులెండి అత్తయ్యా."

"చదవమంటే!"

చదివింది. "ఈ అక్షరాలు ఒరిగి ఉండటానికి కారణం వృద్ధాప్యంలో శిల్పి చేయి వణకడమే. పక్కనున్నవి సరిదిద్దిన రూపాలు."

ఆ శిల్పి మా ఆయనే. అచ్చక్షరాల కార్ఖానాలో ఉక్కు చెక్కేవాడు. వేలెడు ఉక్కు కడ్డీ కొసన ఇంగ్లీషు అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్క మీద పెట్టి కొడితే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే అచ్చక్షరం. చెప్పడానికి మూడు ముక్కలే గానీ, ఒక్కో దానికి వారం పట్టేది. ఆయన చెక్కిన డెబ్బై ఎనిమిది ఉక్కు అక్షరాలూ పెట్టెతో సహా ఈ ప్రదర్శనశాలకి ఇచ్చేద్దామని వచ్చాం. ఇక నా సంతకమే మిగిలింది. మర్నాడే తలుపులు తెరుస్తారట.

పలక రాయించింది పరిశోధన చేసే అబ్బాయి. కళ్ళజోడు అంటాను నేను. ఆయన ఆఖరి రెండేళ్ళూ మా ఇంటికి వచ్చేవాడు. అప్పటికి ఆయన చేతులు వణికేవి, అబద్ధమెందుకు, టీ సగం గ్లాసులో ఉంటే సగం ఒళ్ళో ఉండేది. ఇతగాడు ఆ వణుకు చూసి, తీసుకెళ్ళి అక్షరాలకి అంటగట్టాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి! ఆ అక్షరాలు చెక్కడం మొదలెట్టేనాటికి ఆయనకి ముప్ఫై ఒకటి. మా పెద్దవాడు నా కడుపులో ఉన్నాడు.

నాకెలా తెలుసా? మసి పట్టింది నేనే కదా. ఉక్కు కొసని దీపం మంట మీద పెడితే మసి పడుతుంది, దాన్ని కాగితం మీద అద్దితే అక్షరం నల్లగా దిగుతుంది. ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ తక్కువైందో అప్పుడు తెలుస్తుంది. ఆయన చెక్కడం, నేను అద్దడం. ఆ అక్షరాలు చదవడం నాకు రాదు గానీ, ఏ అక్షరానికి పొట్ట ఎంతో, భుజం ఎంతో ఇప్పటికీ చెప్తాను.

ఒకరోజు గుండ్రటి అక్షరం అద్ది, "ఏవండీ, ఇది పక్కకి ఒరిగింది, నిలబెట్టండి" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఒరగాలే పిచ్చిదానా! ఐదొందల ఏళ్ళ కిందట చేత్తో పుస్తకాలు రాసేవాళ్ళ కలం చూసి పుట్టించిన అక్షరాలివి. కలం ఏటవాలుగా పట్టుకుంటే లావు కూడా ఏటవాలుగానే పడుతుంది. ఇక పాదం చూడు, మన చీలమండలా మెల్లగా వంగి దిగింది. మూడొందల ఏళ్ళు పోయాక వేరేవి వచ్చాయి. నిటారుగా, బ్లేడు లాంటి పాదాలతో. ఇస్త్రీ అక్షరాలు!"

ఆ పాదాన్ని చదువుకున్నవాళ్ళు సెరిఫ్ అంటారట. ఏమన్నా అనుకోనీ.

ఇంతలో కళ్ళజోడు నవ్వుకుంటూ వచ్చాడు. "మామ్మగారూ! తాతగారి అక్షరాలు ఎంత పెద్దగా పెట్టించానో చూశారా?"

"చూశాను. ఆయన చెయ్యి వణికిందని ఎవరు చెప్పారు నాయనా?"

"నా కళ్ళతో చూశానండీ. గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవారు."

"గ్లాసు పట్టుకోలేనివాడు ఉలి పట్టుకుంటాడా? ఉలి వదిలేసిన పదహారేళ్ళకి కదా నువ్వు మా గడప తొక్కింది!"

"మీకూ వయసైంది కదా, గుర్తు తప్పి..."

"నా వయసు సంగతి తరవాత చూద్దువుగాని. ఆ కలం తియ్యి."

వచ్చినవాళ్ళు రాసి చూసుకోవడానికని బల్ల మీద చదును పాళీ కలాలు పెట్టారు. "ఏటవాలుగా పట్టుకో. సున్నా చుట్టు" అన్నాను. చుట్టాడు. లావు ఎడమ పక్క కిందకీ, కుడి పక్క పైకీ జరిగి పడింది. సున్నా ఒరిగింది.

"ఏం నాయనా, నీ చెయ్యి కూడా వణికిందా?"

కలం బల్ల మీద పెట్టేశాడు. కోడలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

"పొరపాటేనండీ" అన్నాడు చివరికి. "కానీ రేపే ప్రారంభం. వచ్చే నెల మార్పిస్తాను."

"అందాకా మా ఆయన గోడ మీద వణుకుతూ నిలబడాలా? పలక దిగితేనే సంతకం."

ముక్కుతూ మూలుగుతూ స్టూలెక్కి, తనే మరలు విప్పి పలక దించాడు. పక్కన ఆ సరిదిద్దినవి మాత్రం అలాగే ఉన్నాయి, కర్రలు మింగినట్టు.

"అవో?"

"అవి కంప్యూటర్లో ఎనిమిది నెలలు కష్టపడి గీశాను మామ్మగారూ. టైపు చేసుకోవడానికి అందరికీ అవే ఇస్తాం."

కోడలు వంగి చూసి, "కింద మామయ్యగారి పేరే ఉంది అత్తయ్యా" అంది.

"కష్టం నీదైతే నీ పేరే పెట్టుకో. కింద మా ఆయన పేరెందుకు?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా పేరు చూసి ఎవరు తీసుకుంటారండీ?"

అదీ సంగతి! మనిషి పేరు కావాలి, మనిషి చేసింది అక్కర్లేదు.

"అమ్మాయ్, ఆ కొస పట్టుకో" అన్నాను కోడలితో. ఇద్దరం పెట్టె లేపాం. కాగితాలు పట్టుకుని మెట్ల దాకా వెంటపడ్డాడు. "మామ్మగారూ, అద్దాల బీరువా ఖాళీగా ఉంటుందండీ రేపు!"

"నీ సున్నా పెట్టుకో అందులో."

బస్సులో పెట్టె బరువుకి తొడలు మొద్దుబారిపోయాయి. రెండు స్టాపులు దాటాక కోడలు మెల్లగా అడిగింది, "కాస్త చల్లబడ్డారా అత్తయ్యా?"

"లేదు" అన్నాను.